కమల ఆంటీ వేసిన క్లిక్కు డ్యూటీ

ముందే చెప్తున్నాను, నవ్వాలనుకున్నవాళ్ళు టీ కప్పు కింద పెట్టి నవ్వండి. పోయిన వారం ఒక కంపెనీ నన్ను మోసగాడని తేల్చేసింది. నన్ను! ఖాళీ కార్ పార్కులో కూడా ఇండికేటర్ వేసి తిరిగే మనిషిని! సరే, కంపెనీ అన్నాక ఏదో ఒకటి అంటుంది. కానీ దానికి సాక్ష్యం ఎవరిచ్చారో తెలుసా? నేనే. పీడీఎఫ్ చేసి, అటాచ్ చేసి, దయచేసి జతపరచినది చూడగలరు అని రాసి మరీ పంపించాను.

ఉండండి, మొదట్నుంచి చెప్తాను. మధ్యలో ఆపొద్దు, నాకు ఇంకా కోపం తగ్గలేదు.

నేను ఇక్కడ న్యూజీలాండ్‌లో, లోవర్ హట్ అనే ఊళ్ళో, ఒక వేర్‌హౌస్‌లో స్టాక్ చూస్తానని మీకు తెలుసుగా. అది కడుపు కోసం. మనసు కోసం ఒక వెబ్‌సైట్ పెట్టుకున్నాను. పేరు 'కుడివైపు చూడు'. ఇక్కడ మన ఇండియా లైసెన్స్‌తో కొన్నాళ్ళే బండి నడపనిస్తారు, ఆ తర్వాత థియరీ టెస్ట్ రాయాల్సిందే. గుంటూరులో పదేళ్ళు బండి నడిపిన మొనగాణ్ణి నేను, ఇక్కడ ఆ టెస్ట్ రెండుసార్లు తప్పాను. రౌండబౌట్ దగ్గర ఎవరికి దారివ్వాలి అని అడుగుతాడు. ఎవడు గట్టిగా హారన్ కొడితే వాడికి అని నా అనుభవం చెప్తుంది. ఆ ఆప్షన్ అక్కడ ఉండదు! ఆ కసితోనే సైట్ పెట్టాను. ప్రశ్న ఇంగ్లీషులో, వివరణ తెలుగులో, పక్కన నా చేత్తో గీసిన బొమ్మలు. కార్లన్నీ అగ్గిపెట్టెల్లా ఉన్నాయని మా ఆవిడ షారోన్ అంటుంది. ఉండనివ్వండి, అగ్గిపెట్టెలైనా సరైన లేన్‌లో వెళ్తున్నాయా లేదా?

ఆ సైట్ అంటే నాకెందుకంత ఇదో చెప్తాను. పాపటోయిటోయి అనే ఊరి నుంచి ఒకావిడ మెయిల్ రాసింది. సర్, మీ సైట్ చదివి పాసయ్యాను, ఇప్పుడు పిల్లల్ని స్కూల్లో నేనే దింపుతున్నాను, అని. వేర్‌హౌస్‌లో నన్ను మేట్ అంటారు. ఇంట్లో ఏమండీ అంటారు. ఈ దేశంలో నన్ను సర్ అన్నది ఆవిడొక్కతే. ఆ మెయిల్ ఎన్నిసార్లు చదువుకున్నానో చెప్తే మీరు జాలిపడతారు, అందుకే చెప్పను.

కానీ సైట్ ఉందని జనానికి తెలియాలిగా? అందుకని యాడ్స్ కొన్నాను. ఎవరైనా ఫోన్‌లో డ్రైవింగ్ టెస్ట్ తెలుగు అని వెతికితే అన్నిటికంటే పైన నా సైట్ కనిపిస్తుంది. వాళ్ళు దాన్ని నొక్కితే నా కార్డులోంచి డాలరో డాలరున్నరో పోతుంది. లోపలికొచ్చి నాలుగు ప్రశ్నలు చదివినా పోతుంది, గుమ్మంలోంచే వెనక్కి తిరిగినా పోతుంది, బస్సు కుదిపి వేలు తగిలినా పోతుంది. పైగా నేనొక తెలివైన పని చేశాను. నా సైట్ పేరు ఇంకెవరైనా వాడుకుంటారేమో అని 'కుడివైపు చూడు' అని వెతికినా నా యాడే పైన వచ్చేలా పెట్టుకున్నాను. ఈ భూమ్మీద ఆ పేరు కొట్టి వెతికేవాడు అప్పటికి నేనొక్కణ్ణే. అయినా జాగ్రత్త మంచిది కదా అనుకున్నాను.

రెండు నెలలు గడిచాయి. షారోన్ ఆసుపత్రిలో నర్సు. డ్యూటీ నుంచి వచ్చి, షూస్ కూడా విప్పకుండా, ఫోన్‌లో కార్డు బిల్లు చూపించింది.

"ఏమండీ, మీ సైట్ చదువుకోవడం ఫ్రీ. వచ్చి చదవండి బాబూ అని వాళ్ళకి మనం ఎదురు డబ్బులిస్తున్నాం. ఇది వ్యాపారమా, పరిచర్యా?"

"మొదట్లో అంతే షారోన్. ఇన్వెస్ట్‌మెంట్ అది."

"సరే. లేబర్ వీకెండ్ సెలవుల వరకూ టైము. అప్పటికి దాని ఖర్చు అది సంపాదించుకోవాలి. లేదంటే సైట్ మూసెయ్యండి."

మూసెయ్యడమా! నా సైట్‌నా! నాకు కోపం నెత్తికెక్కింది. కానీ మా ఆవిడ అరిస్తే బతిమాలుకోవచ్చు, నెమ్మదిగా చెప్తే మాత్రం ఇక దానికి అప్పీలు లేదు. నెమ్మదిగానే చెప్పింది.

వెంటనే వినయ్‌కి ఫోన్ చేశాను. వినయ్ కరీంనగర్ వాడు, నాకు తమ్ముడిలాంటివాడు, స్టూడెంట్లుగా ఉన్నప్పుడు ఒకే ఫ్లాట్‌లో ఉండేవాళ్ళం, ఇప్పుడు జాన్సన్‌విల్‌లో ఉంటాడు. ఈ వెబ్‌సైట్ల పని వాడికి బాగా తెలుసు.

"అరే అన్నా, నువ్వు పైసలిచ్చి మనుషుల్ని తీస్కొస్తున్నవ్, అచ్చినోళ్ళను ఉత్తగనే సాగనంపుతున్నవ్. గోడ ఖాళీగున్నది గదా, కిరాయికియ్యి! సైట్ల డిస్‌ప్లే యాడ్స్ పెట్టు. వేరేటోళ్ళ బొమ్మలస్తయ్, ఎవలన్న నొక్కితే నీకు పైసలస్తయ్. పూరా ఎల్లకున్నా, పెట్టిన దాంట్ల కొంతన్న ఎల్తది."

ఎంత మంచి మాట! మనుషుల్ని తెచ్చే యాడ్స్ కొనేది ఏ కంపెనీ దగ్గరో, నా గోడ అద్దెకి తీసుకునేదీ అదే కంపెనీ. ఆ సాయంత్రమే అప్లై చేశాను. రూల్స్ అని ఒక పేజీ వచ్చింది. పేజీ కాదు, చాంతాడు. కిందికి జరిపాను, జరిపాను, ఒప్పుకుంటున్నాను అన్న చోట నొక్కేశాను. రూల్స్ చదవకుండా టెస్ట్‌కి వెళ్ళకండి అని నా సైట్ మొదటి పేజీలో లావుపాటి అక్షరాల్లో రాసినవాణ్ణి నేనే. ఈ విషయం మా ఆవిడ ఇప్పటికే రెండుసార్లు గుర్తుచేసింది, మీరు కూడా చెయ్యనక్కర్లేదు.

యాడ్స్ వచ్చాయి. నాలుగు రోడ్ల కూడలిలో ఎవరు ముందు వెళ్ళాలి అన్న ప్రశ్న ఉంటుంది. దాని కింద, మీ అంత్యక్రియల ఖర్చు గురించి ఇప్పుడే ఆలోచించండి అని ఒక యాడ్! నా అగ్గిపెట్టె కార్లు చూసి భయపడ్డారో ఏమో. ఇంకోచోట పరుపులు, ఇంకోచోట వినికిడి మిషన్లు. సరే, ఏదైతేనేం, డబ్బులు రానివ్వండి అనుకున్నాను. వారం తర్వాత లెక్క చూశాను. ఇక్కడ డైరీలో, అంటే వీధి చివరి కొట్టులో, మాంసం కూరిన పై కొంటే, పక్కన టమాటా సాస్ పొట్లానికి విడిగా తీసుకుంటారు చూడండి. నా వారం సంపాదన సరిగ్గా ఆ పొట్లానికి సరిపోతుంది. పై మనమే తెచ్చుకోవాలి.

ఆ ఆదివారం చర్చిలో నా మొహం చూసి కమల ఆంటీ వదిలిపెట్టలేదు. లోవర్ హట్‌లో ఒక స్కూల్ హాలు అద్దెకు తీసుకుని మా తెలుగు ఆరాధన జరుపుకుంటాం. అక్కడ సగం మంది నర్సులు, మిగతా సగంలో సగం రెస్ట్ హోముల్లో, అంటే వృద్ధాశ్రమాల్లో, కేర్ వర్కర్లు. వాళ్ళందరికీ పెద్ద దిక్కు కమల ఆంటీ. రెస్ట్ హోమ్‌లో టీమ్ లీడర్, చర్చిలో మహిళా కూటమి అధ్యక్షురాలు. ఆవిడ చేతిలో పడ్డ పని జరగకపోవడం అన్నది నేనింతవరకూ చూడలేదు. బిర్యానీ వండేవాళ్ళకి రోస్టర్, గిన్నెలు తోమేవాళ్ళకి రోస్టర్, ప్రార్థన చేసేవాళ్ళకి రోస్టర్.

"ఏం నాయనా రత్నాకరూ, ముఖం అట్లా పెట్టావేం?" అంది టీ చేతికిస్తూ.

సైట్ మూతపడేట్టుంది ఆంటీ అని చెప్పాను.

"అయ్యో! మా తోడికోడలు నీ సైట్ చదివేగా పాసయ్యింది! మేమేం చెయ్యాలో చెప్పు."

"ఏం వద్దాంటీ. కాస్త జనం వస్తే చాలు. యాడ్స్ పెట్టాను, ఎవరైనా నొక్కితే ఖర్చులకి వస్తాయి."

"నొక్కితే చాలా? ఏమీ కొననక్కర్లేదా?"

"అక్కర్లేదాంటీ, నొక్కితే చాలు."

అదిగో, ఆ ఒక్క మాట! నా కొంప ముంచింది అదే. రెండు రోజులు ఆ మాట వెనక్కి తీసుకోగలిగే టైము నాకుంది, తీసుకోలేదు.

మంగళవారానికల్లా వాట్సాప్‌లో కొత్త గ్రూపు. పేరు 'సైట్ సహాయం'. అందులో ఒక రోస్టర్. ఏం రోస్టర్ అండీ అది! పొద్దున షిఫ్ట్ ఆకుపచ్చ, మధ్యాహ్నం షిఫ్ట్ పసుపు, నైట్ షిఫ్ట్ నీలం. పేరు, టైము, ఎన్ని యాడ్స్ నొక్కారు, సంతకం. మందులిచ్చే చార్టులో పెట్టినట్టు పొట్టి సంతకాలు! మనిషికి ఐదు యాడ్స్ అని డోసు కూడా రాసింది. ఒక షిఫ్ట్ వాళ్ళు దిగేటప్పుడు వచ్చేవాళ్ళకి పని అప్పజెప్తూ గ్రూపులో మెసేజ్ పెట్టాలి. పెట్టారు కూడా. 'అన్ని యాడ్స్ ఇచ్చాను. పరుపు బాగానే తెరుచుకుంది. వినికిడి మిషన్ కొంచెం స్లో, గమనించగలరు. ఇతరత్రా ఫిర్యాదులు లేవు.' ఒక సిస్టర్‌కి జలుబు చేస్తే ఇంకో సిస్టర్ డబుల్ షిఫ్ట్ చేసింది. నిజం చెప్తున్నాను, నాకు కళ్ళు చెమర్చాయి. సొంత అన్నదమ్ములు చేస్తారా ఇంత?

షారోన్‌ని కూడా నైట్ షిఫ్ట్‌లో వేశారు. ఆవిడ రోస్టర్ అంతా కింది దాకా చదివింది.

"వీళ్ళందరికీ ఫుల్ లైసెన్సులు ఉన్నాయి కదండీ. మీ సైట్‌తో వీళ్ళకేం పని?"

"ప్రేమ షారోన్. ప్రేమతో వస్తున్నారు."

"నేను ఇవ్వని మందుకి సంతకం పెట్టను, అక్కర్లేని మందు ఇవ్వను. నా పేరు తీసెయ్యమనండి."

చూశారా? ఊరంతా ఒక దారైతే ఉలిపికట్టెది ఇంకో దారి అనుకున్నాను. పైకి అనలేదు.

ఇక చూస్కోండి, సైట్ గ్రాఫ్ లేచింది! అప్పటిదాకా నేల మీద పాకిన గీత, టకీమని గోడెక్కింది. డిస్‌ప్లే యాడ్స్ సంపాదన సాస్ పొట్లం దాటింది, పై దాటింది, కుటుంబం మొత్తం కూర్చుని తినే భోజనం దాకా వచ్చింది. ఇంకోపక్క నేను కొన్న యాడ్స్ కూడా తెగ నొక్కుతున్నారు జనం. చూశావా, న్యూజీలాండ్ తెలుగువాళ్ళంతా కదిలొస్తున్నారు అనుకున్నాను. ఇలాంటప్పుడే ధైర్యం చెయ్యాలి అని, కొనే యాడ్స్ బడ్జెట్‌ని రెండింతలు చేశాను. రెండ్రోజులకి అదీ అయిపోతుంటే ఇంకా పెంచాను. వేర్‌హౌస్‌లో ప్యాలెట్ల మధ్య ఈల వేసుకుంటూ తిరిగాను. షారోన్‌కి చెప్పలేదు, లేబర్ వీకెండ్‌కి సర్‌ప్రైజ్ ఇద్దామని.

మరుసటి వారం గురువారం స్మోకోలో, అంటే మా టీ బ్రేకులో, మెయిల్ వచ్చింది. మీ సైట్‌లో చెల్లని క్లిక్కులు ఉన్నట్టు మా దృష్టికి వచ్చింది, మీ డిస్‌ప్లే యాడ్స్ ఖాతా మూసివేశాం, ఇప్పటిదాకా వచ్చిన సంపాదన ఇవ్వబడదు, అని. చెల్లని క్లిక్కులా! కమల ఆంటీ క్లిక్కు చెల్లదా! ముప్ఫై ఏళ్ళు సూది గుచ్చిన చెయ్యి అది, తప్పు చోట నొక్కుతుందా? నా చేతిలో టీ చల్లారిపోయింది. ఏదో యంత్రాలు నొక్కాయని వాళ్ళు పొరబడ్డారు అని నాకు నేనే చెప్పుకున్నాను.

డ్యూటీ దిగి తిన్నగా కమల ఆంటీ ఇంటికి వెళ్ళాను. తలుపు తీసింది అంకుల్. వందనాలు అనేలోపే ఫోన్ నా మొహం మీద పెట్టాడు.

"చూడు రత్నాకర్! క్రికెట్ స్కోరు చూద్దామంటే అంత్యక్రియల ప్లాను. వాతావరణం చూద్దామంటే అంత్యక్రియల ప్లాను. ట్యాబ్లెట్‌లోనూ అదే! ఈ ఇంట్లో నన్ను ఎవరు సాగనంపాలని చూస్తున్నారో నాకు తెలియాలి!"

"ఆయనంతే, నువ్వు కూర్చో నాయనా" అని ఆంటీ లోపల్నుంచి వచ్చింది. ఆవిడ నొక్కిన యాడ్ ఆ ఇంట్లో ప్రతి ఫోన్‌నీ వెంటాడుతోందన్నమాట. మెయిల్ సంగతి చెప్పాను. అసలు మీరు ఎలా నొక్కుతున్నారో ఒకసారి చూపించండాంటీ, కంపెనీవాళ్ళకి వివరంగా రాస్తాను అన్నాను. ఆంటీ కళ్ళజోడు పెట్టుకుంది, చేతులు కడుక్కుని వచ్చింది. అవును, చేతులు కడుక్కుంది. ఫోన్ తీసి, ఇంగ్లీషు అక్షరాల్లో ఒక్కొక్కటే కొట్టింది, కుడివైపు చూడు అని. లిస్టు వచ్చింది. అన్నిటికంటే పైన ఉన్నదాన్ని నొక్కబోయింది.

"ఆంటీ ఆగండాగండి! అది నా యాడ్!"

"నీదేగా నాయనా. అందుకేగా నొక్కేది."

"అది కాదాంటీ, అది నొక్కితే నాకు డబ్బులు పోతాయి! దాని కిందది నొక్కాలి, అది ఫ్రీ!"

"మరి యాడ్ నొక్కితే చాలన్నావుగా?"

"లోపల ఉన్న యాడ్ ఆంటీ! ఇది బయటి యాడ్!"

ఆంటీ కళ్ళజోడు పైనుంచి నన్ను చూసింది. "మేమందరం ముందు ఇది నొక్కి, తర్వాత లోపల ఐదు నొక్కుతున్నాం. మొత్తం ఆరు. నీకు ఒకటి ఎక్కువే ఇస్తున్నాం అనుకున్నాం."

అర్థమైందా అండీ? షిఫ్ట్ తప్పకుండా, రోజుకి మూడు పూటలా, మా సంఘం మొత్తం నా గుమ్మంలో అడుగుపెట్టిన ప్రతిసారీ నేను డాలరో డాలరున్నరో కట్టాను. లోపలికెళ్ళి వాళ్ళు ఐదు యాడ్స్ నొక్కితే వచ్చే సెంట్లేమో కంపెనీవాళ్ళు ఇప్పుడు ఇచ్చేది లేదంటున్నారు. కదిలొచ్చిన న్యూజీలాండ్ తెలుగువాళ్ళంతా ఎవరనుకున్నారు? కమల ఆంటీ రోస్టరే! వాళ్ళ కోసమే నేను బడ్జెట్ రెండుసార్లు పెంచాను!

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆంటీ మీద కాదు, ఆ కంపెనీ మీద. మీరే చెప్పండి, ఇదేం న్యాయం? అదే ఆంటీ. అదే ఫోను. అదే వేలు. బయటి యాడ్ నొక్కితే ఆవిడ నిజమైన మనిషి, రత్నాకర్ డబ్బు కట్టాలి. ఒక నిమిషం తర్వాత లోపలి యాడ్ నొక్కితే ఆవిడ చెల్లదు, రత్నాకర్‌కి డబ్బు ఇవ్వం! గుమ్మం దాటేలోపు మనిషి మారిపోతుందా? ఇంటికొస్తూ రైలు పట్టాల పక్కన రోడ్డు మీద ఈ మాట పైకే అనుకుంటూ నడిచాను. ఎదురుగా కుక్కతో వస్తున్న పెద్దాయన రోడ్డు దాటి అటువైపు వెళ్ళిపోయాడు.

షారోన్‌ది ఆ రోజు మధ్యాహ్నం షిఫ్ట్. ఇంట్లో లేదు. ఉండి ఉంటే ఇప్పుడు చెప్పబోయేది జరిగేది కాదు.

లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. అప్పీలు చేసుకోవడానికి ఒక ఫారం ఉంది, అందులో ఎంత రాయాలో అంతా రాశాను. మీరు చెల్లదు అంటున్నవాళ్ళు యంత్రాలు కారు అన్నాను. ప్రతి ఒక్కరూ నాకు స్వయంగా తెలుసు, ఆదివారం కలుస్తాం అన్నాను. అందరూ నర్సులు, కేర్ వర్కర్లు, పోలీస్ చెక్ అయినవాళ్ళు అన్నాను. అక్కడితో ఆగినా బతికేవాణ్ణేమో. ఆగలేదు. 'ఎవరు ఏ రోజు ఏ టైముకి మీ యాడ్స్ నొక్కారో, ఎన్ని నొక్కారో, సంతకాలతో సహా పూర్తి రికార్డు జతపరుస్తున్నాను. మూడు షిఫ్టుల్లో, ఒక్క రోజు కూడా మానకుండా, ఇంత క్రమశిక్షణతో మీ యాడ్స్ నొక్కేవాళ్ళు మీకు ఇంకెక్కడైనా ఉన్నారా?' అని నిలదీశాను. రోస్టర్‌ని కలర్ పీడీఎఫ్ చేసి అటాచ్ చేశాను. చివర్న, వీళ్ళు నకిలీ అయితే వీళ్ళ పేరున నా దగ్గర వసూలు చేసింది వెనక్కి ఇవ్వండి అని కూడా రాశాను. పంపించాక లేచి నిలబడ్డాను. కోర్టులో వాదించి గెలిచిన లాయర్‌లా అనిపించింది.

మామూలుగా ఇలాంటి కంపెనీలు జవాబివ్వడానికి వారాలు తీసుకుంటాయట. నాకు మర్నాడు పొద్దున కల్లా ఇచ్చారు. మీరు పంపిన వివరమైన సమాచారానికి కృతజ్ఞతలు, మా నిర్ణయం సరైనదేనని అది నిర్ధారించింది, ఇకపై మీరు మళ్ళీ అప్పీలు చేసుకునే వీలు లేదు, అని. కొన్న యాడ్స్ డబ్బు గురించి అడిగితే అది వేరే విభాగం అన్నారు. నాలుగు ముక్కల్లో తేల్చేశారు!

వినయ్‌కి ఫోన్ చేసి తిట్టడం మొదలుపెట్టాను. వాడు మధ్యలో ఆపాడు.

"ఆగన్నా, ఆగు. రోస్టర్ పంపినవా?"

"పంపాను."

"సంతకాలతోటి?"

"సంతకాలతో. కలర్‌లో."

అవతల్నుంచి ఏదో ఉక్కిరిబిక్కిరైన చప్పుడు.

"నవ్వుతున్నావా?"

"లేదన్నా, దగ్గొస్తున్నది." కాసేపు బాగా దగ్గాడు. తర్వాత అన్నాడు, "అన్నా, నీ యాడ్ నువ్వు నొక్కొద్దు, నీ తెలిసినోళ్ళతోటి నొక్కియ్యొద్దు. మొట్టమొదటి రూలే గది. సదవలేదా?"

"ఎందుకు నొక్కకూడదు? వాళ్ళు మనుషులు కారా? ఒక్కో ఆంటీకి నేను డాలరు కట్టానురా! కొనేది లేదు, టెస్ట్ రాసేది లేదు, ఊరికే వచ్చి నొక్కి పోయేవాళ్ళకి నేనెందుకు కట్టాలి? ఇది మోసం కాదా?"

"మోసమే అన్నా. మరి ఆ పరుపుల దుకాణపాయన సంగతేంది?"

"ఆయనకేమైంది?"

"ఆయన గూడ నీలెక్కనే పైసలిచ్చి యాడ్ పెట్టుకున్నడు. పరుపు కొనేటోళ్ళు అస్తరని. మీ ఆంటీలు మూడు షిఫ్టుల్ల ఆయన పరుపు నొక్కిన్రు. నొక్కినప్పుడల్ల ఆయన జేబుల్నుంచి పోయినయ్. నీకచ్చిన సెంట్లు ఆకాశంల నుంచి పడ్డయనుకున్నవా?"

రెండు రోజులుగా ఆ కంపెనీని తిట్టడానికి కూడబెట్టుకున్న మాటలన్నీ తిరిగి నాకే తగిలేలా ఉన్నాయి. ఎవరో పాపం, ఏ పెటోన్‌లోనో చిన్న షాపు పెట్టుకుని, గ్రాఫ్ లేచిందని ఈల వేసుకుంటూ తిరిగి ఉంటాడు. చూశావా, జనం పరుపుల కోసం కదిలొస్తున్నారు అని వాళ్ళావిడకి చెప్పి ఉంటాడు. బడ్జెట్ పెంచలేదు కదా దేవుడా అనుకున్నాను. సిగ్గేసింది. నిజంగా సిగ్గేసింది. ఫోన్ పెట్టేసి నేను కొనే యాడ్స్ అన్నీ ఆపేశాను.

శనివారం కమల ఆంటీ మా ఇంటికి వచ్చింది. చేతిలో చేపల పులుసు డబ్బా, చంకలో ఒక ఫైలు. షారోన్‌కి అప్పటికే అంతా చెప్పేశాను. ఆవిడ నెమ్మదిగా సరే అంది. అదే భయంగా ఉంది. లేబర్ వీకెండ్‌కి ఇంకా టైమున్నా, సైట్ కథ ముగిసిందని నాకు తెలిసిపోయింది. రాత్రంతా మనసులో సైట్‌కి వీడ్కోలు చెప్పుకుంటూనే ఉన్నాను.

"తప్పు నాది కూడా నాయనా" అంది ఆంటీ కూర్చుంటూ. "కానీ మా రెస్ట్ హోమ్‌లో ఎవరైనా పడిపోతే అరుచుకోం. ఫారం నింపుతాం. ఎట్లా పడ్డారు, మళ్ళీ పడకుండా ఏం చెయ్యాలి అని."

ఫైల్లోంచి ఒక తెల్ల కాగితం తీసింది. స్కేలుతో గీతలు గీసి గళ్ళు వేసుకొచ్చింది! పడిన వ్యక్తి పేరు: రత్నాకర్. పడిన స్థలం: ఇంటర్నెట్. పడినప్పుడు పక్కన ఎవరైనా ఉన్నారా: లేరు, భార్య డ్యూటీలో ఉంది. ఇంకెవరికైనా దెబ్బ తగిలిందా అన్న గడి దగ్గర ఆగి నా వైపు చూసింది. పరుపుల షాపు ఆయనకి అని నేనే చెప్పాను. రాసుకుంది. దీన్ని ఆపగలిగేవాళ్ళమా అన్న దగ్గర అవును అని రాసి కింద రెండు గీతలు గీసింది.

"ఇంతకు ముందు ఎప్పుడైనా పడ్డారా?" అని చదివి, తనే లేదు అని రాయబోయింది.

షారోన్ ఆంటీ చేతిలోంచి పెన్ను తీసుకుంది. ఆ గడిలో అవును అని రాసింది. ఆన్‌లైన్‌లో టైర్లు కొన్న సంగతి రాసింది, మన కారువి కాని టైర్లు. గడి నిండిపోయింది. మార్జిన్‌లోకి వెళ్ళింది. తర్వాత తలెత్తి అడిగింది.

"ఆంటీ, ఇంకో కాగితం ఉందా?"

ఉంది. ఆంటీ అన్నిటికీ సిద్ధంగానే వస్తుంది. నేను వంటింట్లోకెళ్ళి పులుసు వేడిచేస్తూ నిలబడ్డాను. తిరిగొచ్చేసరికి ఇద్దరూ చివరి గడి దగ్గరున్నారు. ఇకపై తీసుకోవాల్సిన జాగ్రత్తలు. సైట్ మూసివేయాలి అని ఉంటుందనుకుని, గుండె చిక్కబట్టుకుని వంగి చూశాను. షారోన్ చేతిరాత, డిశ్చార్జ్ పేపర్ల మీద రాసే అదే చేతిరాత.

'సైట్ ఉంచవచ్చు, దానివల్ల ఎవరికీ హాని లేదు. పేషెంట్‌ని మాత్రం క్రెడిట్ కార్డుతో ఒంటరిగా వదలరాదు.'

కింద పేషెంట్ సంతకం అని ఖాళీ వదిలారు. పెట్టాను.